సైకిల్, పుస్తకాలు, వైన్: మూడూ ఒకే ఏడాదిలో పెట్టుకుంటే నడుస్తాయా?

నల్లగండ్ల_నాని (ప్రశ్న)

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

వచ్చే ఏడాది నాకు నలభై నిండుతాయి. ఉద్యోగం, ఈఎంఐ, పిల్లల స్కూలు, పండగలకి ఊరెళ్లి రావడం, ఇవి తప్ప నాదంటూ ఒక సరదా లేకుండానే ఇన్నేళ్లూ గడిచిపోయాయి. క్రికెట్ చూడటం, పడుకునే ముందు ఫోన్లో రీల్స్ తిప్పడం సరదాల కిందికి రావని మా ఆవిడ తీర్పు ఇచ్చేసింది. సరే అని కూర్చుని ఆలోచిస్తే నిజంగా మనసు లాగుతున్నవి మూడు తేలాయి.

ఒకటి సైకిల్. మా టీమ్‌లో ఒకతను కెనడా వెళ్లిపోతూ తన హైబ్రిడ్ సైకిల్ నాకు అమ్మాడు. 32 సైజు టైర్లు, డిస్క్ బ్రేకులు, కండిషన్ బాగానే ఉంది. ఆదివారాలు నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబరులో మొదలుపెట్టింది, అక్కడికి వెళ్తున్నా. పైన నీడ, కింద నున్నటి దారి, మొత్తం 23 కిలోమీటర్లు. ఏ వంకా పెట్టలేం. కానీ ఎప్పుడూ అటూ ఇటూ అదే దారి తొక్కుతుంటే ఇంకెక్కడికైనా పోవాలనిపిస్తోంది.

రెండోది పుస్తకాలు. ఇంటర్ చదివేటప్పుడు లైబ్రరీ తలుపులు మూసేదాకా లేచేవాణ్ణి కాదు. ఇప్పుడు డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెట్టిన ప్రతిసారీ సంచులు నింపుకుని రావడం, అల్మారాలో సర్దడం, అంతే. పది పేజీలు తిరిగేసరికి చెయ్యి ఫోన్ మీదికి పోతుంది.

మూడోది వైన్, ఇక్కడ కొందరు నవ్వుతారని తెలుసు. ఆ మధ్య షిర్డీ, త్ర్యంబకేశ్వరం చూసుకుని నాసిక్‌లో ఒక రోజు ఆగాం. గంగాపూర్ డ్యామ్ వైపు ద్రాక్ష తోటలు, వాటి మధ్యలో వైనరీ. మా అమ్మకి ద్రాక్ష తోట చూడ్డానికి వెళ్లామని చెప్పాం, అందులో అబద్ధమేమీ లేదు. అక్కడ చిన్న చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు వరసగా రుచి చూపించారు. ఒకదానికీ ఇంకోదానికీ అంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు. తాగి ఊగడం కోసం కాదు, ఆ తేడా ఏమిటో తెలుసుకోవాలని ఉంది. ఇక్కడికొచ్చాక మా ఏరియా షాపులో అడిగితే దుమ్ము పట్టిన సీసాలు మూడు చూపించి ఏది కావాలో తీసుకోమన్నాడు.

ఇక అసలు సంగతి. నాకు అమెరికా కాల్స్ రాత్రి పదిన్నర దాకా ఉంటాయి, కాబట్టి రోజూ తెల్లవారుజామున ఐదుకి లేవడం కుదరదు. పిల్లలు ఇద్దరూ ఇంకా చిన్నవాళ్లు. ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని పుస్తకాలు, నెలకి ఇన్ని సీసాలు అని టార్గెట్ పెట్టుకోవాలా, వద్దా? మూడూ కలిపి నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వైన్‌కి బడ్జెట్ ఎంత అనుకోవాలి? జనవరిలో మొదలుపెట్టి మార్చికల్లా చల్లబడే బాపతు ప్లాన్ మాత్రం నాకొద్దు.

ఇరుసు

నాని గారూ, టార్గెట్ వద్దనే వాళ్లు చాలామంది వస్తారు, కాబట్టి పెట్టుకోమనే మాట ముందు నేను చెప్పేస్తా. కాకపోతే రోజువారీ టార్గెట్ కాదు, సీజన్‌కి ఒకటే, అది కూడా తేదీ ముందే ఖరారైనది.

బీఆర్‌ఎమ్ అని వినే ఉంటారు, ఇచ్చిన టైమ్‌లోపల పూర్తి చెయ్యాల్సిన పొడవు సైకిల్ రైడ్, సైక్లింగ్ గ్రూపుల్లో 'బ్రెవె' అంటాం. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. ఒకే సీజన్‌లో నాలుగూ చేసినవాళ్లని సూపర్ రాండనర్ అంటారు, ఆ సీజన్ నవంబరులో మొదలై అక్టోబరుతో ముగుస్తుంది. ఇది రేసు కాదు, ఫస్టు సెకండు ఉండవు, ముందు వచ్చినవాడికీ చివర్లో వచ్చినవాడికీ దక్కేది ఒకటే. దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర మీరు వచ్చిన టైమ్ కార్డు మీద నమోదవుతుంది. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, రిఫ్లెక్టర్ జాకెట్ ఉండాలి. దారిలో ఏం పాడైనా మనమే చూసుకోవాలి, వెనకాల కారులో ఎవరో వచ్చి సాయం చెయ్యడం ఉండదు.

200 అనగానే భయపడకండి. లెక్క వేస్తే గంటకి పదిహేను కూడా పడదు, అదీ టిఫిన్‌కి, చాయ్‌కి, చెట్టు కింద కాసేపు నడుం వాల్చడానికి ఆగిన టైమ్ కూడా కలిపే. హైబ్రిడ్ సైకిల్ మీద హాయిగా చేసేవాళ్లని చూశాను. ఇప్పటి నుంచి ఆదివారం ఒక్కటి పొడవుగా తొక్కండి, 40తో మొదలుపెట్టి రెండు వారాలకోసారి పది పదిహేను పెంచండి. వారం మధ్యలో ఒకట్రెండు రోజులు నలభై నిమిషాలు చాలు. అవి తెల్లవారుజామునే కానక్కర్లేదు. మీ కాల్స్ సాయంత్రం మొదలవుతాయి కాబట్టి పిల్లలు స్కూలుకి వెళ్లాక ఎనిమిదిన్నరకి తొక్కినా చలికాలంలో ఎండ ఏమీ చెయ్యదు. ట్రాక్ విసుగొస్తే గండిపేట వైపు వెళ్లండి, కాళ్లు గట్టిపడ్డాక వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలకి వెళ్లండి. అక్కడ మలుపుల్లో ఎక్కేటప్పుడు తెలుస్తుంది మనకి గేర్లు ఎందుకిచ్చారో.

జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో 200 ఒకటి పెట్టుకోండి. తేదీ ఉంటేనే కాళ్లు కదులుతాయి, ఇది నా గట్టి అభిప్రాయం. మార్చి నుంచి జూన్ దాకా మన దగ్గర పొడవు రైడ్లు వద్దే వద్దు, ఆ నెలల్లో వారానికి రెండుసార్లు పొద్దున్నే ఊరికే కాళ్లు ఆడించి వస్తే చాలు.

ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి. సైకిల్ ఇంకొకరిది కాబట్టి సీటు ఎత్తు ఆయనకి సరిపోయేలా ఉంటుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా అవ్వాలి. మామూలుగా పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, ఉండాల్సింది అలాగే. సీటు కిందికుంటే మోకాలి ముందు నొప్పి ఖాయం.

చాయ్_బిస్కెట్

బ్రో, నలభై ఏళ్లకి మూడు హాబీలు, నాకు యాభై రెండు, ఒక్కటీ లేదు, ప్రశాంతంగా ఉన్నా. జోక్ పక్కన పెడితే ఆ సైకిల్ అమ్మే ఉద్దేశం వస్తే ముందు నాకు చెప్పండి.

రెండో_షిఫ్ట్

నాని గారూ, ఇరుసు గారి ప్లాన్ బాగుంది. నాకో చిన్న సందేహం. ఎనిమిదిన్నరకి మీరు సైకిల్ మీద ఉంటే ఇంట్లో ఎవరుంటారు? బాక్సులు కట్టేది, బస్సు ఎక్కించేది, పనమ్మాయి రాకపోతే గిన్నెలు తోమేది ఎవరు? తిట్టడం లేదు, నిజంగానే అడుగుతున్నా. మా ఇంట్లో ఈయన బ్రెవెలు తొక్కుతాడు. 300 అన్నారు కదా, అది 20 గంటల పని అని కాగితం మీద ఉంటుంది. ముందురోజు సామాను సర్దడం, తర్వాతి రోజు మంచం మీద నుంచి "కొంచెం మజ్జిగ ఇస్తావా" అనడం కలిపితే నాకు మూడు రోజులు.

ఏడాదికి ప్లాన్ వేసేముందు వారంలో ఖాళీ గంటలు ఎన్ని ఉన్నాయి, అవి ఎవరి దగ్గర నుంచి తీసుకుంటున్నారు అన్నది భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాసుకోండి. మేం రాసుకున్నాం. ఆదివారం పొద్దున ఆయనది, శనివారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా నాది. నేను మళ్లీ వీణ మొదలుపెట్టాను. ఆ టైమ్‌లో పిల్లాడికి జ్వరమొచ్చినా ఫోన్ నాకు రాదు, థర్మామీటర్ ఎక్కడుందో ఆయనే వెతుక్కుంటాడు. ఒకటికి నాలుగుసార్లు గొడవపడ్డాకే అది కుదిరింది లెండి.

మీ ఆవిడకి ఏం సరదాలున్నాయో మీ పోస్టులో ఎక్కడా లేదు. తీర్పు ఇచ్చారని మాత్రం రాశారు.

నల్లగండ్ల_నాని

@రెండో_షిఫ్ట్ మేడమ్, మీ పోస్టు మా ఆవిడకి చూపించా. "ఈవిడ నంబరు దొరుకుతుందా" అంది. తనకి ఈత నేర్చుకోవాలని ఎప్పటి నుంచో ఉందట, నాకు ఇప్పుడే తెలిసింది. శనివారం తనది అని ఒప్పందం అయిపోయింది.

@ఇరుసు అన్నా, సీటు నిజంగానే కిందికుంది. బ్రెవె క్యాలెండర్ చూస్తున్నా.

ద్రాక్ష_పందిరి

మాది తెనాలి, ఉద్యోగరీత్యా చాలాకాలంగా నాసిక్‌లో ఉంటున్నా. వైన్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా.

ముందు కాలం సంగతి. యూరప్‌లో ద్రాక్ష కోతలు ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా ఉంటాయి. చలికాలం తీగ నిద్రపోతుంది. మన దగ్గర అంత చలి ఉండదు, తీగ నిద్రపోదు, అందుకే ఇక్కడి రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకసారి, అది కొమ్మల కోసం. వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి, అది కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి దాకా. అంటే ద్రాక్ష పండేది పగలు ఎండ, రాత్రి చలి ఉండే నెలల్లో. మీరు ఏ నెలలో వచ్చారో రాయలేదు, ఫిబ్రవరిలో అయితే తోటల్లో కాయ ఉంటుంది, వైనరీలో కొత్త పంట దిగుతుంటుంది, అప్పుడు ఆ వాసనే వేరు. సూలా వాళ్లు ఇక్కడ మొదలుపెట్టింది 1999లో, వాళ్ల తర్వాత వచ్చిన వైనరీలు చాలానే ఉన్నాయి. ఒక్కచోటే చూసి వెళ్లకండి, చిన్నవాటిల్లో జనం తక్కువ, అడిగినదానికి ఓపిగ్గా చెప్తారు. హైదరాబాద్ నుంచైతే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నేరుగా నాసిక్ రోడ్‌లో దింపుతుంది.

వచ్చినప్పుడు తోటలో పనిచేసేవాళ్లని అడిగి ఒక షిరాజ్ (రెడ్ వైన్ చేసే ద్రాక్ష రకం) కాయ నోట్లో వేసుకోండి. మనం బజార్లో కొనే ద్రాక్షలో సగం కూడా ఉండదు, గింజలెక్కువ, రసం తక్కువ, తోలు మందం. మొదట తీపి గొంతు దాకా దిగుతుంది, వేళ్లు జిగటగా అంటుకుంటాయి. ఆ తోలు, గింజ కొరికి బాగా నమలండి, నేరేడు పండ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టు వగరుగా అవుతుంది. రెడ్ వైన్‌లో ఉండే వగరు అక్కడి నుంచే వస్తుంది, రసాన్ని తోళ్లతో సహా పులియబెడతారు కాబట్టి. వైట్‌కి ముందే రసం పిండి తోళ్లు తీసేస్తారు, వగరు దాదాపు ఉండదు, పులుపు తెలుస్తుంది. ఇది నోటికి ఒకసారి తెలిస్తే సీసా మీద రాసిన "చాక్లెట్, పొగాకు, చెర్రీ" గురించి కంగారు పడక్కర్లేదు. తీపి, పులుపు, వగరు, ఒంట్లో వేడి. ఈ నాలుగూ గుర్తుపట్టగలిగితే మొదటి ఏడాదికి ఎక్కువే.

ఇక ఇంట్లో. రెడ్ వైన్ మామూలు రూమ్ టెంపరేచర్‌లో తాగాలని ఎవరో చెప్తారు, ఆ రూమ్ చలిదేశంలోది. రెడ్‌కి 16 నుంచి 18 డిగ్రీలు బాగుంటాయి. మే నెలలో మీ హాలు ఎంతుంటుందో మీకే తెలుసు. తాగే ముందు అరగంట, నలభై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. వైట్ అయితే ఇంకా చల్లగా, 8 నుంచి 12. వంటింట్లో గ్యాస్ స్టవ్ పైన అల్మారాలో అందంగా పేర్చిపెట్టుకునే పని మాత్రం చెయ్యకండి, ఒక్క ఎండాకాలం చాలు వైన్ పాడవడానికి. షాపులో దుమ్ము పట్టిన సీసా అన్నారు చూడండి, నాకు దుమ్ముతో గొడవ లేదు, అది ఎండ పడే షెల్ఫ్‌లో ఎన్నాళ్లు నిలబడిందన్నదే అసలు ప్రశ్న. కాస్త అమ్మకం ఉన్న షాపులో, ఏసీ ఉన్న దాంట్లో కొనండి. కార్క్ కాకుండా మరమూత ఉన్న సీసా అంటే నాసిరకం అనుకోవద్దు, ఇంట్లో తాగేవాళ్లకి అదే సుఖం. తెరిచాక మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. అంతకన్నా ఉంచితే వంటకి వాడుకోండి.

మన కూరలతో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. గోంగూర మాంసం పక్కన బరువైన రెడ్ పెడితే రెండూ పాడవుతాయి, ఆ పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది, కారం ముందు వగరు ఇంకా మండుతుంది. పుల్లటి కూరకి పులుపున్న సావిన్యాన్ బ్లాంక్, కారం కూరకి కొంచెం తీపి ఉన్న చెనిన్ బ్లాంక్ చల్లగా, రెండూ వైట్ వైన్లే. మిర్చి బజ్జీతో బుడగలు వచ్చే స్పార్క్లింగ్ తాగి చూడండి, నూనెని అది కడిగేస్తుంది. నాటుకోడి పులుసుకి నేనైతే 'రోజే' అనే గులాబి రంగు వైన్ తీస్తా. దీనికి మా ఇంట్లోనే ఒప్పుకోనివాళ్లున్నారు.

బడ్జెట్ అడిగారు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి నెలకి ఒక్క సీసా. 750 మిల్లీలీటర్లు, తలా గ్లాసు, గ్లాసుంపావు. వెయ్యి రూపాయల అటూ ఇటూలో మంచి భారతీయ వైన్ దొరుకుతుంది, పన్నుల వల్ల మీ దగ్గర ధర ఇక్కడికన్నా ఎక్కువే ఉంటుంది. ఒక నెల చెనిన్, ఒక నెల షిరాజ్, ఇలా ద్రాక్ష రకం మార్చుకుంటూ పోండి, బ్రాండ్లు కాదు. ఇక్కడి నుంచి సీసాలు పట్టుకెళ్లాలనుకుంటే మీ రాష్ట్రం ఎక్సైజ్ నిబంధన ముందు కనుక్కోండి, రైల్లో మందు తీసుకెళ్తే వేరే తలనొప్పి.

తెల్లకోటు

వైన్ గురించి వింటున్నవాళ్లకి ఒక ముక్క. "గుండెకి మంచిది" అనే మాట ఇంకా ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ మద్యానికి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగానే చెప్పింది. 13 శాతం వైన్ ఒక గ్లాసు, అంటే 150 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ సుమారు 15 గ్రాములు. మన విస్కీ స్మాల్ పెగ్‌లో 10 గ్రాములు. కాబట్టి "నేను వైనే కదా తాగేది" అనే లెక్క తప్పు. రుచి కోసం నెలకోసారి అంటున్నారు, అది మీ ఇష్టం, నేను వద్దనను. బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే మాత్రం మీ డాక్టర్ని అడగండి. పొడవైన రైడ్ చేసొచ్చి నీళ్లు సరిగా తాగకుండా గ్లాసు పట్టుకోవద్దు. తాగాక సైకిల్ అయినా ఎక్కొద్దు.

పాత_పుస్తకం

పుస్తకాలకి వద్దాం. ఇరుసు గారు తేదీ ఉండాలన్నారు, సైకిల్‌కి నిజమే కావచ్చు, చదవడానికి మాత్రం ఆ పద్ధతి నాకు గిట్టదు. గుడ్‌రీడ్స్‌లో ఏడాదికి యాభై అని పెట్టుకున్నవాళ్లు నవంబరు వచ్చేసరికి సన్నటి పుస్తకాలు ఏరుకుని చదవడం చూస్తుంటాను. వెయ్యి పేజీల నవల ముట్టుకోరు, లెక్కలో అదీ ఒకటే, నలభై పేజీల కథల పుస్తకమూ ఒకటే కదా.

నాని గారి సమస్య చదవడం కాదు, ఫోన్. పుస్తకం పట్టుకున్నప్పుడు ఫోన్ వేరే గదిలో చార్జింగ్‌కి పెట్టండి. సైలెంట్‌లో పక్కన పెట్టుకోవడం కాదు, లేచి నడిస్తేగానీ అందని చోట. మొదటి వారం కాళ్లు లాగుతాయి. ఇంకోటి, అల్మారాలో ఉన్నవాటిని చూసి బాధపడటం మానేయండి. కొన్నవన్నీ చదవాలన్న రూలు ఎవరూ పెట్టలేదు. పాతిక పేజీల దాకా పట్టుకోకపోతే పక్కన పెట్టి ఇంకోటి తియ్యండి.

కొనడం తగ్గించుకోవాలంటే అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి ఒక శనివారం వెళ్లండి (మీ శనివారం పోయింది కదా, ఇంకో రోజు చూసుకోండి). 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది, మూసీ ఒడ్డున ఆ భవనం, ఆ ఎత్తు కప్పులు, చదవకపోయినా కాసేపు కూర్చోవచ్చు. కాపీరైట్ తీరిన పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలల్లో స్కాన్ చేసి ఉన్నాయి, డబ్బేమీ అక్కర్లేదు, అక్షరం కొంచెం మసగ్గా ఉంటుందంతే.

కొనక తప్పదు అనుకుంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. షాపులు మూసిన షట్టర్ల ముందు గోనెల మీద పరుస్తారు. అట్ట చూసి ధర బేరమాడే ముందు పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి పై అంచు చూడండి. పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా కుడతారు, పాతవాటిలో ఒక ఫారం ఊడిపోవడమో, ఒకటే ఫారం రెండుసార్లు రావడమో ఉంటుంది. 128 తర్వాత 145 వచ్చిందంటే అక్కడ పదహారు పేజీలు లేవు. డిటెక్టివ్ నవలలో అయితే అవి ఏ పేజీలో మీరే ఊహించుకోండి. చివరి పేజీలు వేలితో తిప్పి సన్నటి సొరంగాల్లాంటి రంధ్రాలు కనబడితే ఎంత చవకైనా ఇంటికి తేకండి, ఆ పురుగు మిగతా అల్మారాకి కూడా పాకుతుంది.

మూడూ ఒకే ఏడాదిలో నడుస్తాయా అంటే, పన్నెండు నెలలూ మూడూ సమానంగా నడపక్కర్లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సైకిల్‌దే రాజ్యం, పుస్తకం దిండు పక్కన ఉంటే చాలు. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు బయట కాలు పెట్టలేం, పిల్లలకీ సెలవులు, లావుపాటి నవలకి అంతకన్నా మంచి కాలం లేదు. వానాకాలంలో కథలు, మధ్య మధ్యలో తెరిపిచ్చినప్పుడు సైకిల్. వైన్‌కి ఎలాగూ నెలకి ఒక్క సాయంత్రం. మార్చిలో సైకిల్ తగ్గితే ప్లాన్ చల్లబడిందని బెంగ పెట్టుకోవద్దు, అది ఎండ వల్ల తగ్గింది.

భీమిలి_రోడ్డు

వైజాగ్ నుంచి. ఇరుసన్నా, గౌరవంతోనే ఒప్పుకోను. అందరికీ బ్రెవెలు ఎందుకు? మేం నలుగురం ఆదివారాలు బీచ్ రోడ్డు మీద రుషికొండ దాటి భీమిలి దాకా పోతాం, అక్కడ టిఫిన్ చేసి ఎదురుగాలిని తిట్టుకుంటూ వెనక్కి వస్తాం. స్ట్రావా (రైడ్ లెక్కలు నమోదు చేసే యాప్) ఆన్ చెయ్యడం మానేశాక మాటలు పెరిగాయి, తోటకూర అమ్మే ఆవిడ దగ్గర ఆగడం, తొట్లకొండ ఎక్కి బౌద్ధుల ఇటుకల మధ్య కూర్చోవడం ఇవన్నీ అప్పుడే మొదలయ్యాయి. సముద్రపు గాలికి చైన్ తుప్పు పడుతుందనే ఒక్క బాధ, ప్రతి రైడ్ తర్వాత తుడిచి నూనె వెయ్యాల్సిందే.

నాని బ్రో, నువ్వు ట్రాక్ దాటి హైవే సర్వీస్ రోడ్ల మీదికి వస్తే పంచర్లు మొదలవుతాయి. నేర్చుకో. లారీ టైర్లు పేలినచోట సన్నటి ఉక్కు తీగలు రాలి ఉంటాయి, వెంట్రుకంత ఉంటాయి, టైరులో దిగి బయటికి కనబడవు. కొత్త ట్యూబు వేస్తావు, రెండు కిలోమీటర్లకి మళ్లీ గాలి పోతుంది, ట్యూబు నాసిరకం అనుకుంటావు. ట్యూబు తీశాక దానికి కొంచెం గాలి కొట్టి బుగ్గ దగ్గర పెట్టుకుని తిప్పు, గాలి చల్లగా తగిలిన చోట రంధ్రం. వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో చూసి టైరు మీద అదే చోట లోపలి వైపు వెతుకు. ఒట్టి వేలితో తడమకు, కోసుకుంటుంది, పాత బనీను గుడ్డ ముక్కతో తుడిస్తే తీగ దారాన్ని పట్టుకుంటుంది. దాన్ని చిమటాతో లాగెయ్, లేకపోతే నెయిల్ కట్టర్‌తో. అప్పుడు ప్యాచ్. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది తడి ఆరేదాకా ఆగి అతికించాలి. మనవాళ్లు ఆగరు, తడిమీదే పెట్టేస్తారు, అందుకే ఊడుతుంది. ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని ఒకసారి ప్రాక్టీసు చెయ్.

ఇరుసు

@భీమిలి_రోడ్డు తమ్ముడూ, సముద్రం పక్కన ఉన్నవాళ్లకి టార్గెట్లు అక్కర్లేదులే, మాకు ఇక్కడ ఫ్లైఓవర్లే దిక్కు. తీగ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం.

నల్లగండ్ల_నాని

అందరికీ థాంక్స్. ఫిబ్రవరి మొదటివారం 200 బ్రెవె ఒకటి చూసిపెట్టుకున్నా, పేరు ఇంకా ఇవ్వలేదు. ఆ నెలాఖరులో నాసిక్ వెళ్దామని మా ఆవిడ కూడా అంటోంది. గంగాపూర్ డ్యామ్ చుట్టుపక్కల తోటల మధ్య రోడ్లు చూస్తే సైకిల్ తొక్కాలనిపించింది. దేవగిరిలో నా సైకిల్ తీసుకెళ్లొచ్చా? ఎవరైనా తీసుకెళ్లారా?

ద్రాక్ష_పందిరి

తీసుకెళ్లొచ్చు, మనం కూర్చునే బోగీలో కాదు, సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్‌లో. బండి టైమ్‌కి గంటన్నర ముందు స్టేషన్లో పార్సిల్ ఆఫీసుకి వెళ్లి మీ టికెట్ చూపించి లగేజీ కింద బుక్ చెయ్యాలి. పేరు, ఫోన్ నంబరు, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి కట్టండి. లైట్లు, పంపు, బాటిల్ విప్పి మీతో పెట్టుకోండి. గేర్లున్న వైపు చైన్‌ని గేరు మార్చే డిరైలర్‌కి గోనెగుడ్డ చుట్టండి, మీదేసే మూటలకి అది వంగుతుంది. నాసిక్ రోడ్‌లో బండి ఎక్కువసేపు ఆగదు, కాబట్టి బ్రేక్ వ్యాన్ ముందుందో వెనకుందో ఎక్కేటప్పుడే చూసుకుని, స్టేషన్ రాకముందే ఆ వైపు బోగీ తలుపు దగ్గర నిలబడండి. లేకపోతే మీరు నాసిక్‌లో, సైకిల్ కళ్యాణ్‌లో.

అయినా ఒక్క రోజుకే అయితే ఇవన్నీ ఎందుకు, ఇక్కడ అద్దె సైకిళ్లు ఉన్నాయి, మీ సీటు ఎత్తు కొలత రాసుకుని రండి చాలు.